ఎకరం కారు

"నీకు బాగా తెలిసిన విషయం మీద ఏదైనా రాసివ్వు" అన్నారు మా యూనియన్ కార్యదర్శిగారు, సావనీరు అచ్చుకి వెళ్ళడానికి సరిగ్గా వారం రోజుల ముందు. మెకానికల్ ఆఖరి సంవత్సరం విద్యార్థికి బాగా తెలిసిన విషయం ఏముంటుంది చెప్పండి? థర్మోడైనమిక్స్ గురించి రాద్దామంటే అందులో నాకింకా ఒక పేపరు బాకీ వుంది. కవిత్వం రాద్దామంటే ఆ శాఖని సివిల్ మిత్రులు ఎప్పుడో ఆక్రమించేశారు. అందుకని నాకు నిజంగా కొంచెం తెలిసిన సంగతి, ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోని సంగతి ఒకటి రాస్తున్నాను. అది మా ఇంటి కారు.

కారంటే మీరనుకునే కారు కాదు. 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్. రెండే తలుపులు, లేత నీలం రంగు, ముందు రెండు గుండ్రటి దీపాలు. నిద్రలో లేచి కూర్చున్న పిల్లవాడి మొహంలా వుంటుంది. కాని మా ఊరు నార్సింగిలో దాన్ని హెరాల్డ్ అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. "ఎకరం కారు" అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పకపోతే తర్వాత సంగతులేవీ అర్థం కావు.

1979లో మా తాత సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఊళ్ళో మూడెకరాల చెలక వుండేది. అందులో సగం బండరాళ్ళే వున్న ఎకరం ఒకటి అమ్మేసి, ఆ డబ్బుతో ఒక ఆఫీసరుగారి దగ్గర ఈ కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఊరంతా నవ్విందట. "ఎడ్లబండికి దిక్కులేదు గని కారు గావాల్నట" అన్నారట. అప్పుడు నార్సింగి అంటే ఏముంది? గుట్టలు, బండలు, పక్కన మూసీ, గండిపేట పోయే రోడ్డు. జొన్న కూడా సరిగా పండని ఎకరం పోతే పోయింది లెమ్మని మర్నాటికి మర్చిపోయారు.

తర్వాత కథ మీకు తెలుసు. హైటెక్ సిటీ వచ్చింది. 2008లో ఔటర్ రింగ్ రోడ్డు మా ఊరి పక్కనుంచి పోయింది. 2023 ఆగస్టులో మా పొరుగున కోకాపేటలో ప్రభుత్వం వేలం వేస్తే ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ మర్నాడు మా నాయిన పేపరు నాలుగు మడతలు పెట్టి, తాత చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "చూడు, నీ షెడ్డుల ఏమున్నదో" అన్నాడు. తాత పేపరు చదివి, చాయ్ తాగి, కారు తుడవడానికి పోయాడు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ వుంది, చూసే వుంటారు. నాయిన లెక్క ప్రకారం మా హెరాల్డ్ ముందు అది బేడకి కొరగాదు. ప్రపంచంలో ఇంత ఖరీదైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంకొకటి వుండదు. మా ఇంట్లో పెళ్ళి మాటలైనా, ఫీజుల మాటలైనా చివరికి వచ్చి ఆ షెడ్డు దగ్గరే ఆగుతాయి. "ఆ ఎకరం వుంటే..." అని నాయిన మొదలు పెడతాడు. బాబాయి పూర్తి చేస్తాడు. ఆశ్చర్యం ఏమిటంటే మా నాయనమ్మ మాత్రం ఆ కారుని ఏనాడూ ఒక్క మాట అనలేదు. మిగతా విషయాల్లో తాతని ఒక పట్టాన వదిలే మనిషి కాదు. ఈ విషయంలో ఎందుకు ఊరుకుంటుందో నాకు చాలా కాలం తెలియలేదు.

ఇక నా సంగతి. నాకు చిన్నప్పటినుంచి స్పోర్ట్స్ కార్ల పిచ్చి. అందులోనూ పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లు. ఎమ్‌జీ, ఆస్టిన్ హీలీ, లోటస్, ట్రయంఫ్. పొడుగాటి బానెట్టు, ఇద్దరికే చోటు, పైన టాపు లేదు, కూర్చుంటే నేల చేతికందుతుంది. ఇలాంటివి బొమ్మల్లో చూడాల్సిందే కదా అని నిట్టూర్చేవాణ్ణి. రెండో సంవత్సరంలో వుండగా వాటి చరిత్ర చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకి ఆధారం ట్రయంఫ్ హెరాల్డ్ అని వుంది. వెంటనే లేచి వెళ్ళి షెడ్డులో లైటు వేసి చూశాను. మా ఎకరం కారు అమాయకంగా నావంక చూసింది. నేను ఇన్నాళ్ళూ బొమ్మల్లో వెతుకుతున్న కారుకి సొంత అక్క మా ఇంట్లోనే వుంది!

దాని జాతకం క్లుప్తంగా చెబుతాను. ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో పుట్టింది. రూపం గీసింది ఇటలీ ట్యూరిన్‌కి చెందిన జియొవాన్ని మికెలొట్టి. అప్పటికి కార్లన్నీ ఒకే ముక్కగా రేకు కట్టే పద్ధతికి మారుతున్నాయి. కాని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే సంస్థ పోటీ కంపెనీ చేతికి పోయింది. గత్యంతరం లేక పాత పద్ధతిలో విడిగా ఒక ఛాసిస్ చేసి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. అవసరం కొద్దీ చేసిన ఆ పనే వరమైంది. ముక్కల్ని పెట్టెల్లో పెట్టి ఏ దేశానికైనా పంపి అక్కడ బిగించుకోవచ్చు. ఆ విధంగానే 1961లో మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మన రోడ్ల మీదికి తెచ్చారు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, ఆ కాలంలో మధ్యతరగతి కల అంటే ఈ మూడే.

అక్కడ ఇంగ్లండులో అదే ఛాసిస్‌ని పొట్టిచేసి, మికెలొట్టి చేతే ఇంకో చొక్కా కుట్టించి, 948 సి.సి. ఇంజను బదులు 1147 సి.సి. ఇంజనూ, దానికి రెండు ఎస్‌యూ కార్బురేటర్లూ పెట్టి, స్పిట్‌ఫైర్ అన్నారు. 1980 దాకా మూడు లక్షల పైచిలుకు తయారయ్యాయి. నిజానికి ఆ కాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్ల రహస్యమే ఇది. ఎమ్‌జీలు మారిస్ వారి ఇంటి సామానుతో మొదలయ్యాయి. హీలీ స్ప్రైట్‌లో ఆస్టిన్, మారిస్ ముక్కలున్నాయి. లోటస్ ఎలాన్ ముందు చక్రాల్ని మోసేది సాక్షాత్తూ మన హెరాల్డ్ వంశపు ముక్కే. రాజుల కోసం పుట్టిన కార్లు కావివి. గుమాస్తా కారుని పీకి, తేలిక చేసి, మరోలా బిగిస్తే పుట్టినవి.

ఇదంతా చదివాక నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళు చేసింది మనం చెయ్యలేమా? రికార్డు పుస్తకం వెనక పేజీల్లో ప్లాను గీశాను. పైకప్పు కోసెయ్యాలి. తలుపులు వెల్డింగ్ చేసి పొట్టి చెయ్యాలి. ఇంజను తీసి మారుతి 800 ఇంజను పెట్టాలి. వెడల్పు చక్రాలు. ఎర్ర రంగు. హాస్టల్లో నలుగురు మిత్రులు నలభై సలహాలిచ్చారు. మారుతి ఇంజను బలమూ, హెరాల్డ్ ఇంజను బలమూ ఇంచుమించు ఒకటే, ముప్ఫయి అయిదూ నలభై గుర్రాల మధ్యనే అని ఎవరికీ తట్టలేదు. గ్యాస్ కట్టరు ఎవరు తెస్తారు అన్నంతవరకూ వెళ్ళింది వ్యవహారం. తాతకి చెప్పలేదు.

తాత మాత్రం నాకు వేరే పని నేర్పుతున్నాడు. ఆదివారం తెల్లారగానే షెడ్డు. హెరాల్డ్ బానెట్టు మామూలుగా లేవదు. రెక్కలతో, దీపాలతో సహా ముందు భాగమంతా ముసలి నోరు తెరిచినట్టు ముందుకి తెరుచుకుంటుంది. ముందు చక్రం మీద కూర్చుని హాయిగా ఇంజను పని చేసుకోవచ్చు. పానాలన్నీ అంగుళాల లెక్క. మన పదో నంబరు, పన్నెండో నంబరు పానాలు వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. "ఇది ఇంగిలీషోని కారు, గీనికి ఏడు బై పదహారు, అరంగుళం, తొమ్మిది బై పదహారే మాటిన్పిస్తయి" అనేవాడు తాత. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య అంగుళంలో వెయ్యింట పదిహేనో వంతు సందు పెట్టడం, సోలెక్స్ కార్బురేటర్ జెట్టుని నోటితో ఊది శుభ్రం చెయ్యడం, టాపెట్లు వేలికి తెలిసేలా సర్దడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. లూకాస్ వారి కరెంటు సామాను గురించి ఇంగ్లీషు వాళ్ళలో ఒక హాస్యోక్తి వుంది, లూకాస్ అంటే అంధకార యువరాజు అని. మా కారు ఎడమ దీపం ఆ బిరుదుని ఇప్పటికీ నిలబెడుతోంది.

తాతకి కళ్ళల్లో శుక్లాలు వచ్చాక, మోకాళ్ళు పట్టేశాక పని నా మీద పడింది. అప్పజెప్పేటప్పుడు ఒక్కటే గట్టిగా చెప్పాడు. ముందు చక్రాల దగ్గర కింది భాగంలో ఒక ఇత్తడి దిమ్మ వుంటుంది. దాన్ని ట్రనియన్ అంటారు. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీకి కింద మరలుండి, ఆ ఇత్తడిలో తిరుగుతుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా మర బిగుస్తూ, వదులవుతూ వుంటుంది. "గక్కడ గ్రీజు గొట్టకు రా. పిలగ్గు దీసి తొంభై నంబరు నూనె వొయ్యి. మూణ్ణెల్లకొక్కపారి మర్వకు" అన్నాడు.

ప్లగ్గు తీసి, నూనె పోసి, మళ్ళీ బిగించాలంటే కారు కింద పడుకుని అరగంట పని. గ్రీజు గన్నుతో అయితే ఒక్క నిమిషం. నూనె కన్నా గ్రీజు చిక్కగా వుంటుంది, కాబట్టి మంచిదే అని నా ఇంజనీరింగ్ బుర్ర తేల్చేసింది. ఏడాదిన్నర గ్రీజే కొట్టాను. తాత అడిగినప్పుడు "పోసిన తాతా" అన్నాను. ఈ వ్యాసంలో నేను దాచదలుచుకుంటే దాచదగిన మాట ఇదొక్కటే.

కిందటి ఏడు వానాకాలంలో తాతకి కంటి పరీక్ష చేయించి, నాయనమ్మతో సహా మెహిదీపట్నం నుంచి తీసుకొస్తున్నాను. లంగర్‌హౌజ్ దాటాక లారీల పక్కన అరవై మీద వచ్చాం. ఊళ్ళోకి వచ్చి, మా గల్లీలోకి తిప్పడానికి స్టీరింగు పూర్తిగా కోశాను. మనిషి నడిచేటంత వేగం. "ఫట్" మని ఒక చప్పుడు. ఎడమ ముందు చక్రం కాలు విరిగినట్టు బయటికి పడుకుంది. కారు బర్రె కూలబడ్డట్టు ఒక పక్కకి కూలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. నాయనమ్మ చేతిలో వున్న సంచీలోంచి బత్తాయిలు దొర్లాయి, అంతే.

దిగి చూశాను. ఉక్కు కడ్డీ మర మొదట్లో రెండుగా విరిగింది. విరిగిన చోట సగం పాత తుప్పు, సగం కొత్త మెరుపు. నేను కొట్టిన గ్రీజంతా బయటే ముద్దగా పేరుకుని వుంది. లోపల మరల్లోకి చుక్క కూడా పోలేదు. నీళ్ళు మాత్రం పోయాయి. మర పట్టేసి, తిప్పినప్పుడల్లా కడ్డీని మెలిపెట్టింది. అదే చక్రం పది నిమిషాల ముందు, ఆ లారీల పక్కన విరిగివుంటే? నా చేతులు వణకడం మొదలైంది. తాత కర్ర ఊతగా వంగి ఆ విరిగిన ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు సరిగా కనబడవు కనుక బొటనవేలితో మరలు తడిమాడు. అన్నీ అర్థమయ్యాయి ఆయనకి. ఏమీ అనలేదు. ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి, జాకీ వేసి, కారుని ఇంటికి చేర్పించాడు.

ఆ రాత్రి నాయిన, "ఇగ చాలు, పాతసామానోనికి ఇచ్చేద్దాం" అన్నాడు. నేను ఏ మొహంతో కాదంటాను? తాత అరుగు మీద కూర్చుని వున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుని, "నూనె పొయ్యలే తాతా, అబద్ధమాడిన" అన్నాను.

"తెల్సు" అన్నాడు. కాసేపాగి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

"నీ పెద్దత్త ఉండె. నీ నాయినకన్న రెండేండ్లు పెద్దది. డెబ్బయ్యెనిమిదిల, గిట్లనే వానల దినాలు. రాత్రి పూట బండల దిక్కు వోతె పాము ముట్టింది. బండిల్లెవు, బస్సు లేదు. సైకిల్ మీద ముంగట కూసోబెట్టుకొని తొక్కిన. మీ నాయనమ్మ ఎన్క ఉర్కింది. లంగరౌజు దాక మాట్లాడింది పోరి. అఫ్జల్‌గంజ్ పోయెవరకు..." అని ఆపేశాడు. "ఆ ఎకరం దిక్కే పోయింది పోరి. ఆ ఎకరం నాకొద్దనిపిచ్చింది. ఊర్ల ఒక్క మోటరు ఉండాలె అనిపిచ్చింది. గంతే."

లోపల గిన్నెలు సర్దుతున్న నాయనమ్మ చేతుల చప్పుడు ఆగింది. మళ్ళీ కాసేపటికి మొదలైంది.

తర్వాత నేను ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగాను. పదిహేనేళ్ళపాటు అర్ధరాత్రి పురుటి నొప్పులొచ్చినా, చెయ్యి విరిగినా, జ్వరమొచ్చినా మా తలుపే తట్టేవాళ్ళట. తాత ఫ్యాక్టరీ డ్యూటీ చేసి వచ్చి కూడా లేచి వెళ్ళేవాడట. ఒకాయన తన కొడుకు టోలీచౌకీ దగ్గర, ఆ వెనక సీట్లోనే పుట్టాడని చెప్పాడు. ఆ కొడుకు ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద ఉద్యోగి. "ఎకరం కారు" అని నవ్వే ఊరికి ఈ సంగతీ తెలుసు. రెండూ కలిపే చెప్పుకోవాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

మర్నాటినుంచి వేట మొదలైంది. రాణీగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగాను. "హెరాల్డా? మా నాయిన కూసున్నప్పుడు ఉండె సామాను" అని జాలిగా చూశారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతికాను. జుమ్మెరాత్ బజారులో తుప్పు కుప్పలు తిరగేశాను. అక్కడ హెరాల్డ్ తాలూకు తలుపు పిడి ఒకటి దొరికింది. అవసరం లేకపోయినా కొన్నాను. చివరికి మా ఉస్తాద్ సలహా మీద రైలెక్కి చెన్నై పోయాను. పుట్టిన ఊరు కదా! పుదుపేటలో, పాత బండ్లని విప్పి అమ్మే ఆ వీధుల్లో, రెండు రోజులు తిరిగితే నాలుగు నిలువు కడ్డీలు దొరికాయి. కంటికి నాలుగూ బాగానే వున్నాయి. కాని ఈసారి నా కంటిని నేను నమ్మలేదు. మన కాలేజీ ల్యాబులో వాటికి డై పెనిట్రెంట్ పరీక్ష చేశాను. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే, రెండింటి మీద మర మొదట్లో వెంట్రుకలాంటి ఎర్రగీత తేలింది. రెండు మంచివి. మూడేళ్ళుగా మార్కుల కోసం చేసిన ప్రయోగాన్ని ఆ రోజు మొదటిసారి ప్రాణం కోసం చేశాను. ల్యాబు అసిస్టెంటుగారు కూడా నా పక్కనే నిలబడి చూశారు.

కొత్త ఇత్తడి ట్రనియన్లు మాత్రం ఇంగ్లండునుంచి తెప్పించాల్సి వచ్చింది. అక్కడ స్పిట్‌ఫైర్లని పెంచుకునేవాళ్ళు వేల మంది వున్నారు. వాళ్ళ కోసం ఆ ముక్కల్ని ఇంకా పోత పోస్తున్నారు. ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. పార్సెలు విప్పితే పెట్టె మీద "ట్రయంఫ్ స్పిట్‌ఫైర్" అని వుంది. నా స్పోర్ట్స్ కారు ఇంటికొచ్చింది, గుప్పెడంత సైజులో! నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్ళి ఆ రికార్డు పుస్తకం తెచ్చి, నా ప్లానంతా తాతకి చూపించాను. కళ్ళ ఆపరేషన్ అయివుంది అప్పటికి. అద్దాలు పెట్టుకుని నిదానంగా చూశాడు. తిడతాడనుకున్నాను.

"బొమ్మ మంచిగనే గీసినవు" అన్నాడు. "మార్వొద్దని నేనన్ననా? నేను మార్వలేదా? గని నువ్ మార్సింది విప్పితె, మల్ల ఎన్కటి లెక్క రావాలె. కోసినంక ఏమొస్తది? బోల్టు ఊడవీకితె మల్ల బిగియ్యొచ్చు. భూమి అమ్మితె మల్ల వస్తదా?"

ఎకరం సంగతి ఆయన నోట అలా విన్నది అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

షెడ్డు అటకమీద రెండు డాల్డా డబ్బాలున్నాయి. అవి దించి చూపించాడు. నలభై ఏళ్ళలో ఆ కారులోంచి తీసిన ప్రతి ముక్కా, నూనె గుడ్డలో చుట్టి, దారం కట్టి, చీటీ మీద తేదీ రాసి వుంది. ఆ రోజునుంచి మా ఇంటి సూత్రం అదే. ఏం మార్చినా బోల్టుతో మార్చు, తీసినదాన్ని పారెయ్యకు. పాయింట్ల బదులు డిస్ట్రిబ్యూటర్ లోపల ఎలక్ట్రానిక్ ముక్క పెట్టాను. పాయింట్లు డబ్బాలోకి పోయాయి. డైనమో బదులు ఆల్టర్నేటరు, పాత టైర్ల బదులు రేడియల్ టైర్లు, ముందు సీట్లకి బెల్టులు. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కనుక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి కారకుండా కొత్తరకం గొట్టాలు వేశాను. 2000 సంవత్సరంలో సీసం కలిసిన పెట్రోలు పోయినప్పుడు వాల్వు సీట్లు అరిగిపోతాయని తాత ముందే ఉస్తాద్ చేత గట్టి సీట్లు వేయించాడు. అదొక్కటే వెనక్కి రాని మార్పు. అది కూడా ప్రాణం నిలబెట్టడానికి చేసింది.

చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటుందని తర్వాత తెలిసింది. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీం కోర్టు చెప్పింది. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి వుండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చివుండకూడదు. ఇరవై వేలు కడితే ప్రత్యేకమైన నంబరు వస్తుంది. కాని ఆ నంబరుతో రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ మాత్రమే. నేను మోజు పడ్డాను. తాత ఒప్పుకోలేదు. "దవాఖానకు వోవద్దంటదా గా నంబరు? అట్లైతె నాకొద్దు" అన్నాడు. అందుకని మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్ళకోసారి పొడిగించుకుంటున్నాం.

మద్రాసు కంపెనీ చరిత్రలో కూడా ఈ పాఠం వుందనిపిస్తుంది నాకు. 1985లో వాళ్ళు రోవర్ ఎస్‌డీ1 అనే అందమైన ఇంగ్లీషు బాడీ తెచ్చి, లోపల తమ పాత వాన్‌గార్డ్ కాలపు ఇంజను పెట్టి, స్టాండర్డ్ 2000 అని అమ్మారు. బయట ఒకటి, లోపల ఒకటి. ఎక్కువ రోజులు నిలవలేదు. కంపెనీయే మూతపడింది. నేను మారుతి ఇంజనుతో చెయ్యబోయింది దానికి తిరగేసిన పని, అంతే తేడా.

అయితే నా స్పోర్ట్స్ కారు కల పూర్తిగా చచ్చిపోలేదు. హెరాల్డ్ పైకప్పు కూడా బోల్టుల మీదే వుంటుందని చెప్పాను కదా. చక్రం బిగించి, నూనె పోసి, నెలరోజులు ఊళ్ళోనే నెమ్మదిగా తిప్పి చూసుకున్నాక, ఒక ఆదివారం తెల్లవారుజామున తాతే అన్నాడు, "టాపు విప్పుదాం పట్టు" అని. ముప్పావు గంట పట్టింది. నాయిన గొణుక్కుంటూనే వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. టాపుని దించి నులకమంచం మీద పెట్టాం. నాయనమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాడు తాత. తాను వెనక కూర్చున్నాడు. గండిపేట వైపు పోయాం. (ట్రాఫిక్ శాఖలో పనిచేసే మిత్రులెవరైనా వుంటే ఈ పేరా వదిలి చదవమని ప్రార్థన.) అరవై ఏళ్ళ కారు, ముప్ఫయి అయిదు గుర్రాలు, యాభై దాటని వేగం. చల్లటి గాలి. నాయనమ్మ కొంగు ఎగరకుండా నోట్లో పట్టుకుని కూర్చుంది. లంగర్‌హౌజ్ వైపు రోడ్డు చీలే దగ్గర ఒక్కసారి అటు చూసింది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చి తొమ్మిదింటికల్లా టాపు మళ్ళీ బిగించేశాం. బోల్టులన్నీ లెక్క సరిపోయాయి.

దారిలో ఒక సిగ్నల్ దగ్గర మా పక్కన కొత్త ఎమ్‌జీ కారొకటి ఆగింది. బానెట్టు మీద ఆ ఎనిమిది మూలల బిళ్ళ. ఆ బిళ్ళ ఇప్పుడు చైనా వారి చేతిలో వుంది, కాని 1968 తర్వాత చాలా కాలం మా ట్రయంఫూ, ఆ ఎమ్‌జీ ఒకే బ్రిటిష్ లేలాండ్ గొడుగు కింద అక్కచెల్లెళ్ళు. అందులో కుర్రాయన అద్దం దించి, "అంకుల్, సూపరుంది! ఎంత పడింది?" అని అడిగాడు.

తాత వెనక సీట్లోంచి, "ఎకరం బిడ్డా" అన్నాడు.

ఆయనకి అర్థం కాలేదు. లైటు పచ్చగా మారింది, వెళ్ళిపోయాడు.

మిత్రులారా, మనలో చాలామంది ఇంకో ఏడాదికి మా ఊరి చుట్టూ వున్న ఆ అద్దాల మేడల్లో ఉద్యోగాలకి కూర్చుంటాం. అక్కడ పానా పట్టే పని వుండదు. అయినా చెబుతున్నాను, మూణ్ణెల్లకోసారి నూనె పొయ్యాల్సినవి ప్రతి ఇంట్లోనూ కొన్ని వుంటాయి. పైనుంచి గ్రీజు పూసి పోశానని చెప్పకండి. నేను చెప్పి చూశాను.

ఈ సంవత్సరం ట్రనియన్ నూనె తేదీలు షెడ్డు గోడ మీద సుద్దతో రాస్తున్నాను. వచ్చే తేదీ వేసవి సెలవుల్లో పడుతుంది. జూనియర్ మిత్రులెవరికైనా నేర్చుకోవాలని వుంటే నార్సింగి రండి. పాత బట్టలు వేసుకుని రండి. ఊళ్ళో ఎవరినైనా ఎకరం కారు ఇల్లు ఎక్కడని అడగండి, చూపిస్తారు.